రాష్ట్ర రహదారి భద్రతా ప్రణాళిక

రాష్ట్రంలోని రోడ్లపై జరిగే మరణాలను, తీవ్ర గాయాలను నిర్ణీత గడువులోగా ఇంత మేరకు తగ్గించాలని లక్ష్యం పెట్టుకొని, ఆ పనిని శాఖలవారీగా పంచి, నిధులు కేటాయించి, ఫలితాన్ని ఏటా లెక్కగట్టే కార్యక్రమాన్ని రాష్ట్ర రహదారి భద్రతా ప్రణాళిక అంటారు. రోడ్డు వేసేది ఒక శాఖ. దానిపై తిరిగే బండికి రిజిస్ట్రేషన్, నడిపేవారికి లైసెన్సు ఇచ్చేది మరో శాఖ. నియమం తప్పినవారిని పట్టుకునేది పోలీసులు, గాయపడినవారికి చికిత్స చేసేది ఆరోగ్య శాఖ. ప్రమాదం జరిగినప్పుడు వీటిలో ఏ ఒక్క శాఖా పూర్తిగా జవాబు చెప్పాల్సిన పని లేదు. ఈ ఖాళీని పూడ్చడానికే రాష్ట్ర స్థాయి ప్రణాళిక అనే ఏర్పాటు పుట్టింది.

సమస్య పరిమాణం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా దాదాపు 11.9 లక్షల మంది మరణిస్తున్నారు. భారతదేశంలో 2022లో 1,68,491 మంది, 2023లో 1,72,890 మంది చనిపోయినట్లు కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ ప్రకటించింది. 2022 లెక్కను రోజులకు పంచితే సగటున రోజుకు 462 మంది. ఆ ఏడాది మృతుల్లో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపువారు. కుటుంబాన్ని పోషించే వయసులో ఉన్నవారు పోవడం వల్ల ఈ నష్టం ఆసుపత్రి ఖర్చుతో ఆగదు. అప్పుల రూపంలో, పిల్లల చదువు ఆగిపోవడం రూపంలో ఏళ్ల తరబడి కొనసాగుతుంది.

మరణాలు అన్ని రోడ్లపైనా, అందరిమీదా సమానంగా పడటం లేదు. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా సుమారు 2 శాతమే. 2022 మరణాల్లో వాటి వాటా 36 శాతం. రాష్ట్ర రహదారులను కూడా కలిపితే 60 శాతం. మృతుల్లో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారు, దాదాపు 20 శాతం పాదచారులు. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరికి చుట్టూ ఇనుప కవచం లేదు. పట్టణాల కంటే గ్రామీణ ప్రాంతాల్లోనే మరణాలు ఎక్కువ. ఈ అసమానతే ప్రణాళికకు దారి చూపుతుంది: రాష్ట్రమంతటా ఒకే తీరుగా శ్రమపడకుండా, ఏ రోడ్డు మీద, ఏ వాహనదారుల మీద ముందు దృష్టి పెట్టాలో అది చెబుతుంది.

భావన చరిత్ర

ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో రోడ్డు ప్రమాదానికి కారణం నడిపేవాడి అజాగ్రత్తేనని ప్రభుత్వాలు భావించాయి. పరిష్కారం కూడా హితబోధ, జరిమానాల దగ్గరే ఆగింది. అమెరికాలో 1965లో రాల్ఫ్ నాడెర్ కార్ల నిర్మాణ లోపాలపై రాసిన పుస్తకం, 1966లో వచ్చిన రహదారి భద్రతా చట్టం ఈ దృష్టిని మార్చాయి. ఆ చట్టంతో ప్రతి రాష్ట్రానికీ భద్రతా కార్యక్రమం తప్పనిసరి అయింది. అందుకు కేంద్ర నిధులూ అందాయి. కొత్త సమాఖ్య భద్రతా సంస్థకు తొలి అధిపతి అయిన విలియం హాడన్ వైద్యుడు. ఆయన ప్రమాదాన్ని మూడు దశలుగా విడదీశాడు: ఢీకొనడానికి ముందు, ఢీకొన్న క్షణం, ఆ తర్వాత. ఒక్కో దశలో మనిషి, వాహనం, పరిసరం ఎలా పనిచేశాయో చూస్తే, ప్రాణం కాపాడే అవకాశాలు చాలా చోట్ల కనిపిస్తాయని చూపాడు. 2005లో వచ్చిన మరో అమెరికా చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రమూ ప్రమాదాల సమాచారం ఆధారంగా వ్యూహాత్మక రహదారి భద్రతా ప్రణాళిక రూపొందించుకోవాలి. మిన్నెసోటా రాష్ట్రం అంతకు రెండేళ్ల ముందే, 2003లో, మరణాలను సున్నాకు తేవాలనే కార్యక్రమం మొదలుపెట్టింది.

1997 అక్టోబరులో స్వీడన్ పార్లమెంటు ‘విజన్ జీరో’ను ఆమోదించింది. మనిషి పొరపాటు చేయక మానడు, ఆ పొరపాటుకు మరణశిక్ష పడకుండా రోడ్డును కట్టాలి అన్నది దాని సారం. మనిషి శరీరం ఎంత దెబ్బ తట్టుకోగలదో దాన్నిబట్టి వేగం నిర్ణయిస్తారు. పాదచారులు, వాహనాలు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు, పక్క నుంచి ఢీకొనే కూడళ్లలో 50, ఎదురెదురుగా ఢీకొనే అవకాశమున్న చోట 70 దాటకూడదన్నవి ఈ ఆలోచన నుంచి వచ్చిన ప్రమాణాలు. దీన్నే ఇప్పుడు ‘సురక్షిత వ్యవస్థ’ విధానం అంటున్నారు. ఐక్యరాజ్యసమితి 2011–2020ని, తర్వాత 2021–2030ని రహదారి భద్రతా దశాబ్దాలుగా ప్రకటించింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్నది రెండో దశాబ్దపు లక్ష్యం.

రాష్ట్ర స్థాయి కృషికి తరచూ ఉదాహరణగా చెప్పేది ఆస్ట్రేలియాలోని విక్టోరియా. 1970లో అక్కడ 1,061 మంది మరణించారు. ఆ ఏడాదే సీటు బెల్టును తప్పనిసరి చేశారు. ప్రపంచంలో అదే మొదటిసారి. 1976లో ఎవరినైనా ఆపి శ్వాస పరీక్ష చేసే అధికారం పోలీసులకు వచ్చింది. 1980ల చివర గాయపడినవారికి పరిహారం చెల్లించే ప్రభుత్వ బీమా సంస్థకే ప్రమాదాల నివారణ బాధ్యతలోనూ భాగం ఇచ్చారు. ప్రమాదాలు తగ్గితే ఆ సంస్థ చెల్లింపులు తగ్గుతాయి కాబట్టి నివారణ మీద ఖర్చు దానికే లాభం. 2010–2020 మధ్య ఏ ఏడాదిలోనూ అక్కడి మరణాలు 300 దాటలేదు.

భారతదేశంలో చట్టపరమైన పునాది

మోటారు వాహనాల చట్టం 1988లోని 215వ సెక్షన్ జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో రహదారి భద్రతా మండళ్లకు, కమిటీలకు అవకాశం కల్పించింది. చాలా ఏళ్లపాటు ఇవి అప్పుడప్పుడూ సమావేశమయ్యే సంఘాలుగానే మిగిలాయి. ఎస్. సుందర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 2010లో కేంద్ర మంత్రివర్గం జాతీయ రహదారి భద్రతా విధానాన్ని ఆమోదించింది.

రాష్ట్రాలను కదిలించింది సుప్రీంకోర్టు. కోయంబత్తూరుకు చెందిన ఎముకల శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై కోర్టు 2014 ఏప్రిల్‌లో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ నాయకత్వంలో కమిటీని నియమించింది. అతివేగం, సిగ్నల్ జంప్, మితిమీరిన లోడు, మద్యం తాగి నడపడం, ఫోన్ మాట్లాడుతూ నడపడం, సరుకు బండ్లలో మనుషులను ఎక్కించడం వంటి తప్పులకు కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని ఆ కమిటీ 2015 ఆగస్టులో రాష్ట్రాలకు సూచించింది. 2017 నవంబరు 30 నాటి తీర్పు మరింత విస్తృతమైనది. ప్రతి రాష్ట్రానికీ రహదారి భద్రతా విధానం, మండలి, లీడ్ ఏజెన్సీ, నిధి, కార్యాచరణ ప్రణాళిక, జిల్లాకో కమిటీ ఉండాలని అది ఆదేశించింది. ఈనాటి రాష్ట్ర ప్రణాళికల రూపురేఖలు ఎక్కువగా ఈ తీర్పు నుంచి వచ్చినవే. అంతకుముందు 2016 డిసెంబరులో మరో కేసులో జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని కోర్టు చెప్పింది. 20 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లలో ఆ దూరాన్ని తర్వాత 220 మీటర్లకు తగ్గించింది.

2019 సవరణ చట్టం జరిమానాలు పెంచినందుకే ఎక్కువగా చర్చకు వచ్చింది. ప్రణాళిక దృష్ట్యా అంతకంటే ముఖ్యమైన సెక్షన్లు ఇందులో ఉన్నాయి. 134ఎ గాయపడినవారిని ఆదుకున్నవారికి రక్షణ కల్పిస్తుంది. 136ఎ ఎలక్ట్రానిక్ నిఘాకు దారి తీసింది. 162 తొలి గంటలో నగదు రహిత చికిత్సకు సంబంధించినది. 198ఎ ప్రకారం నిర్దేశించిన ప్రమాణాలు పాటించని రోడ్డు డిజైనర్, కాంట్రాక్టర్, నిర్వహణ సంస్థలపైనా లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. రోడ్డు కూడా తప్పు చేయగలదని మన చట్టం ఒప్పుకున్నది ఇక్కడే.

సంస్థాగత నిర్మాణం

సాధారణంగా రాష్ట్ర రహదారి భద్రతా మండలి విధానం నిర్ణయిస్తుంది. దాని కింద లీడ్ ఏజెన్సీ ఉంటుంది. పోలీసు, రవాణా, రోడ్లు భవనాల (ఆర్ అండ్ బి), పంచాయతీరాజ్, పురపాలక, ఆరోగ్య, విద్యా శాఖల మధ్య సమన్వయం దీని పని. జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన కమిటీ సమావేశమై బ్లాక్ స్పాట్లు (ప్రమాదాలు పదేపదే జరిగే చోట్లు), స్పీడ్ బ్రేకర్లు, ఆక్రమణలు, వెలగని వీధిదీపాల వంటి అంశాలను సమీక్షిస్తుంది.

లీడ్ ఏజెన్సీ బలమే ప్రణాళిక బలం. దానికి సొంత ఇంజినీర్లు, సమాచార విశ్లేషకులు, ఖర్చుపెట్టే అధికారం ఉంటే అది శాఖలను అడగగలదు; ఏదో ఒక కార్యాలయంలో అదనపు బాధ్యతగా మిగిలితే ఉత్తరాలు రాయడంతో సరిపెట్టుకుంటుంది. 2007లోనే ప్రత్యేక చట్టం ద్వారా రోడ్ సేఫ్టీ అథారిటీని ఏర్పరచి, దానికి నిధిని కూడా సమకూర్చిన కేరళ ఈ విషయంలో ముందుంది. మిగతా రాష్ట్రాల్లోనూ చలానాల రాబడిలో కొంత భాగాన్ని, ఏడాది ముగిసినా మురిగిపోని భద్రతా నిధికి మళ్లించాలన్నది సుప్రీంకోర్టు కమిటీ పట్టుబట్టిన అంశాల్లో ఒకటి.

జాతీయ రహదారులు కేంద్రం చేతిలో ఉండటం మరో చిక్కు. ప్రమాదాన్ని నమోదు చేసేది రాష్ట్ర పోలీసు, క్షతగాత్రులను తరలించేది రాష్ట్ర అంబులెన్స్, అక్కడ అండర్‌పాస్ కట్టాల్సింది మాత్రం జాతీయ రహదారుల సంస్థ. అందువల్ల మంచి ప్రణాళికల్లో ఆ సంస్థ ప్రాంతీయ అధికారులు కూడా జిల్లా కమిటీల్లో సభ్యులుగా, గడువులకు కట్టుబడేవారిగా ఉంటారు.

సమాచార సేకరణ

ప్రణాళిక తొలి మెట్టు లెక్క. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోగా సంభవించిన మరణాన్ని రోడ్డు మరణంగా పరిగణించడం అంతర్జాతీయ పద్ధతి. ఒక జిల్లాలో గాయపడిన వ్యక్తి మరో జిల్లాలోని పెద్దాసుపత్రిలో వారం తర్వాత చనిపోతే, ఆ సంగతి మొదటి పోలీస్ స్టేషన్ రికార్డులోకి చేరాలి. చేరకపోతే ఆ మరణం గాయాల పద్దులోనే ఉండిపోతుంది.

లెక్క ఎంత మోసం చేయగలదో తమిళనాడు ఉదంతం చెబుతుంది. 2016లో అక్కడ 17,218 మరణాలు నమోదయ్యాయి. 2019 నాటికి అవి 10,525కు తగ్గినట్లు చూపడంతో ఆ రాష్ట్రం దేశానికి ఆదర్శంగా ప్రచారమైంది. తర్వాత వెలువడిన సవరించిన లెక్కల్లో 2019 సంఖ్య 18 వేలు దాటింది. దాంతో దేశం మొత్తం సంఖ్యనూ పైకి సవరించాల్సి వచ్చింది. తమిళనాడు అంబులెన్స్ సేవలను, అత్యవసర చికిత్సా కేంద్రాలను మెరుగుపరచిన మాట నిజమే. అయితే ఏ చర్య వల్ల ఎంత ఫలితం వచ్చిందో తేల్చడానికి ఆధారమే చెదిరిపోయింది. మరణాల సంఖ్యను అధికారుల పనితీరుకు కొలమానం చేసిన చోట, ఆ సంఖ్యను ఆసుపత్రి, బీమా, జనన మరణ రికార్డులతో బయటివారు సరిపోల్చే ఏర్పాటూ ఉండాలని నిపుణులు చెప్పేది ఇందుకే.

ఐఐటీ మద్రాస్ రూపొందించగా జాతీయ సమాచార కేంద్రం అమలు చేసిన సమీకృత రోడ్డు ప్రమాదాల డేటాబేస్ 2021 నుంచి రాష్ట్రాలకు విస్తరించింది. పోలీసు అధికారి ఘటనా స్థలం నుంచే మొబైల్ యాప్‌లో స్థానం, ఫొటోలు, వాహనాల వివరాలు నమోదు చేస్తారు. అదే నమోదును రవాణా, రహదారి, ఆరోగ్య శాఖలు తమ వివరాలతో పూర్తిచేయాలి. పోలీసు నివేదికల్లో కారణాల గడి దగ్గర మాత్రం పాత అలవాటు ఇంకా పోలేదు. 2022 మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం కిందే నమోదయ్యాయి. మలుపు కనిపించకపోవడం, రోడ్డు పక్కన లైట్లు లేకుండా నిలిపిన లారీ, డివైడర్‌లో అనధికారికంగా తెరిచిన సందు వంటివి ఆ ఒక్క మాటలో కలిసిపోయే అవకాశం ఉంది.

ప్రధాన చర్యలు

*వేగ నియంత్రణ.* సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు దాదాపు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందుకే వేగం తగ్గించడం అన్ని ప్రణాళికల్లోనూ మొదటి వరుసలో ఉంటుంది. కేరళలో 2023 జూన్ నుంచి 726 కెమెరాల వ్యవస్థ ద్వారా జరిమానాలు మొదలయ్యాయి. వీటిలో ఎక్కువ భాగం హెల్మెట్, సీటు బెల్టు, ఫోన్ వాడకం గుర్తించేవి. ఆ ఏడాది అక్కడ నమోదైన ప్రమాదాలు పెరిగినా మరణాలు తగ్గాయి.

*హెల్మెట్, సీటు బెల్టు.* నాణ్యమైన హెల్మెట్ ద్విచక్ర వాహనదారుడి మరణ ముప్పును సుమారు 40 శాతం తగ్గిస్తుంది. 2022లో హెల్మెట్ లేక 50 వేల మందికి పైగా, సీటు బెల్టు పెట్టుకోక 16 వేల మందికి పైగా చనిపోయినట్లు అధికారిక నివేదిక చెబుతోంది. వెనుక కూర్చున్నవారికీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ చట్టం వర్తిస్తుంది. నగరాల ప్రధాన కూడళ్లలో కనిపించే అమలు మండల కేంద్రాల రోడ్లపై కనిపించదు.

*మద్యం.* శ్వాస పరీక్షల ఫలితం, దొరికిపోతామనే భయం ఎంత నిలకడగా ఉంటుందన్నదాని మీద ఆధారపడుతుంది. పండుగ రాత్రుల తనిఖీల కంటే, ఎప్పుడు ఎక్కడ ఆపుతారో తెలియని నిరంతర తనిఖీలు ఎక్కువ పనిచేస్తాయని విక్టోరియా అనుభవం చూపింది.

*రోడ్డు ఇంజినీరింగ్.* 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయంతో కూడిన 5 ప్రమాదాలు జరిగినా, 10 మరణాలు సంభవించినా ఆ చోటును కేంద్రం బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తుంది. సూచికలు, రంబుల్ స్ట్రిప్పులు తక్షణ చర్యలు. అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు, కూడలి రూపం మార్పు శాశ్వత చర్యలు. బ్లాక్ స్పాట్ పద్ధతికి సహజంగానే ఒక లోపం ఉంది: మరణాలు జరిగాకే అది మేలుకొంటుంది. డిజైన్ దశలోనే స్వతంత్ర నిపుణులు పరిశీలించే రోడ్ సేఫ్టీ ఆడిట్ ఆ లోటును తీరుస్తుంది. సుమారు 95 కిలోమీటర్ల ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వేపై స్వచ్ఛంద సంస్థ, రహదారి సంస్థ, పోలీసులు కలిసి చేసిన ప్రయోగంలో 2016లో 151గా ఉన్న మరణాలు 2020లో 66కు తగ్గాయి. చివరి ఏడాదిపై లాక్‌డౌన్ ప్రభావం ఉన్నప్పటికీ, బారియర్లు సరిచేయడం, నిలిపిన వాహనాలను తొలగించడం వంటి చిన్న పనులు లెక్కకు వస్తాయని అది చూపింది.

*అత్యవసర వైద్యం.* ఆదుకున్నవారిని పోలీసులు, ఆసుపత్రులు వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చిలో చట్టబద్ధత కల్పించింది. తమిళనాడు 2021 డిసెంబరులో తొలి 48 గంటల చికిత్స ఖర్చును భరించే పథకం తెచ్చింది. క్షతగాత్రులకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేర నగదు రహిత చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మేలో నోటిఫై అయింది. పంజాబ్ 2024 జనవరిలో 144 వాహనాలతో ‘సడక్ సురఖ్యా ఫోర్స్’ను ప్రారంభించి, క్షతగాత్రులకు సత్వర సాయం కోసం రహదారులపై దాదాపు 30 కిలోమీటర్లకు ఒక బృందాన్ని ఉంచింది.

తెలుగు రాష్ట్రాల్లో

2022లో ఆంధ్రప్రదేశ్‌లో 8,293 మంది, తెలంగాణలో 7,559 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించారు. అత్యవసర సేవల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపింది. 2005 ఆగస్టు 15న ఇక్కడ మొదలైన 108 అంబులెన్స్ సేవను తర్వాత అనేక రాష్ట్రాలు అందిపుచ్చుకున్నాయి. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీల్లో పట్టుబడినవారు కోర్టుకు వెళ్లేముందు ట్రాఫిక్ శిక్షణ సంస్థల్లో కౌన్సెలింగ్‌కు హాజరు కావాల్సి ఉంటుంది.

నివారణలో ఇంత నిలకడ కనిపించదు. 2013 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోగా 45 మంది మరణించారు. 2018 సెప్టెంబరులో కొండగట్టు ఘాట్ రోడ్డుపై ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర మరో ప్రైవేటు బస్సు మంటల్లో చిక్కుకుంది. ప్రతి దుర్ఘటన తర్వాతా బస్సుల తనిఖీలు ముమ్మరమై, కొన్ని వారాలకు చల్లబడ్డాయి. రాజకీయ నాయకులు ఎర్రన్నాయుడు (2012), శోభా నాగిరెడ్డి (2014), నందమూరి హరికృష్ణ (2018) రోడ్డు ప్రమాదాల్లో మరణించినప్పుడు కూడా కారు ప్రయాణ భద్రతపై చర్చ ఇలాగే లేచి ఆగింది. మరోవైపు విడివిడిగా, ఒకరిద్దరి చొప్పున జరిగే మరణాలే మొత్తంలో అత్యధికం. వాటికి విచారణ కమిషన్లు ఉండవు.

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి 65 ఇందుకు నిదర్శనం. నాలుగు వరుసలుగా విస్తరించడంతో వేగం పెరిగింది. ఊళ్లు మాత్రం రోడ్డుకు రెండు వైపులా అలాగే ఉన్నాయి. చౌటుప్పల్, చిట్యాల వంటి చోట్ల రోడ్డు దాటే జనం, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, ట్రాక్టర్లు దూరప్రయాణపు వాహనాలకు ఎదురయ్యాయి. అండర్‌పాస్‌ల పనులు ఏళ్ల తర్వాత గానీ మొదలుకాలేదు. విస్తరణ అంచనాలోనే ఊరివాళ్లు దాటే దారిని, సర్వీస్ రోడ్డును చేర్చి ఉంటే ఆ మధ్య కాలపు నష్టం తగ్గేది.

విమర్శలు, మూల్యాంకనం

రాష్ట్ర ప్రణాళికలపై మూడు విమర్శలు తరచూ వినిపిస్తాయి. మొదటిది, జనవరిలో జరిగే భద్రతా మాసోత్సవాలు, ర్యాలీలు, ప్రతిజ్ఞల మీద చూపే శ్రద్ధ ఇంజినీరింగ్ మార్పుల మీద ఉండదు. రెండోది, జరిమానాల భారం ద్విచక్ర వాహనదారులపై పడుతుండగా 198ఎ కింద రోడ్డు నిర్మాతలపై చర్యలు అరుదు. మూడోది, చాలా పత్రాల్లో చేయాల్సిన పనుల జాబితా ఉంటుంది గానీ ఏ అధికారి, ఏ నెలలోగా, ఏ పద్దు నుంచి చేయాలన్నది ఉండదు.

జరిగిన సమావేశాల సంఖ్యతో, వసూలైన చలానాలతో ప్రణాళికను కొలవడం తేలిక, కానీ అది ఫలితాన్ని చెప్పదు. మెరుగైన పద్ధతిలో మధ్యంతర సూచికలు వాడతారు: హెల్మెట్ ధరించినవారి శాతం, వేగ పరిమితి లోపు నడిచే వాహనాల శాతం, ఫోన్ వచ్చాక అంబులెన్స్ చేరడానికి పట్టే సమయం, గుర్తించిన బ్లాక్ స్పాట్లలో శాశ్వతంగా సరిచేసినవి ఎన్ని. వీటిని ఏటా ఒకే చోట్ల, ఒకే పద్ధతిలో కొలిచి జిల్లాలవారీగా ప్రకటిస్తే మరణాల లెక్క పెరిగినా తగ్గినా కారణం వెతకవచ్చు. 2030కి సగం తగ్గింపు అనే లక్ష్యం ఒక్కో జిల్లాకు, ఒక్కో రోడ్డుకు ఎంతగా విడిపోతుందో, దానికి ఎవరు సంతకం పెడతారో పేర్కొన్న రాష్ట్రానికే ఆ అంకెను నిలబెట్టుకునే అవకాశం ఉంటుంది.